పికప్ బండికి సైడ్ స్టెప్పులు: చెరువు గట్ల మీద తిరిగేవాళ్లు ఏం చూసుకోవాలి

సైడ్ స్టెప్పులు, అంటే కాలు పెట్టి ఎక్కడానికి డోర్ల కింద బిగించే మెట్లు, కొనాలనుకుంటే షాపుకి వెళ్లే ముందు ఇంటి దగ్గరే ఒక టేపు తీసుకుని బండి పక్కన కూర్చోండి. నేల నుంచి డోరు గడప దాకా కొలవండి. మాది ఇసుజు వి-క్రాస్, మన శ్రీసిటీలో తయారయ్యే బండే. దానికి 20 అంగుళాలు దాటింది. ఇళ్లలో మెట్టు ఆరేడు అంగుళాలకు మించి కట్టరు. అంటే బండి ఎక్కేవాళ్లని ఒకే అడుగులో మూడు మెట్లు ఎక్కమంటున్నాం అన్నమాట. నాకైతే ఇబ్బంది లేదు. కానీ మా నాన్నగారు పంచెలో ఉంటారు, మోకాళ్లు నొప్పులు. అమ్మది చీర. చెరువుల దగ్గరికి వచ్చే కూలీల కాళ్లకి చెప్పులుండవు. వీళ్లందరిలో ఎవరికి ఎక్కువ కష్టమో వాళ్లని బట్టి స్టెప్పు ఎంచుకోవాలి తప్ప, ఫొటోలో ఏది బాగుందో చూసి కాదు.

స్టెప్పు పైభాగం ఆ 20 అంగుళాల్లో సగం కన్నా కొంచెం పైన, అంటే నేల నుంచి 11, 12 అంగుళాల్లో ఉంటే పెద్దవాళ్లకి సుఖం. ఇంకా కిందికి దించితే ఎక్కడానికి మరింత తేలిక కదా అనిపిస్తుంది. కానీ అలా చేస్తే లోపలికి వేసే రెండో అడుగు పెద్దదవుతుంది, పైగా గట్టుకి తగులుతుంది. కంపెనీ వాళ్లు చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ బండి అడుగున అన్నిటికన్నా కిందికి ఉన్న భాగం దగ్గర కొలిచింది. స్టెప్పు బిగించినా కాగితం మీద ఆ అంకె మారకపోవచ్చు. గట్టు మీంచి రోడ్డు మీదికి ఏటవాలుగా ఎక్కేటప్పుడు మాత్రం ముందు టైరు పైనా, వెనక టైరు కిందా ఉంటే, మధ్యలో మట్టిని గీరేది స్టెప్పే. మా వైపు తూము దగ్గర మలుపుల్లో ఇది రోజూ కనిపించే సంగతి. అందుకే మీరు తిరిగే దారిలో అన్నిటికన్నా చెడ్డ మలుపు దగ్గర బండి ఆపి, గడప కింద మట్టికీ బండికీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూసుకోండి. స్టెప్పు ఎంత కిందికి రావచ్చో అక్కడే తేలిపోతుంది. భీమవరం నుంచి ఆకివీడు దాకా తారు రోడ్డు మీదే తిరిగే బండికి ఈ లెక్క అక్కర్లేదు.

ఇక రకాల సంగతి. షాపుల్లో చూపించేవి ముఖ్యంగా మూడు. మొదటిది గుండ్రటి పైపు, డోరు దగ్గర మాత్రం ప్లాస్టిక్ ప్యాడ్ ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది, గట్టిగానూ ఉంటుంది. కాకపోతే కాలు కచ్చితంగా ప్యాడ్ మీదే పడాలి. రాత్రిపూట వానలో, ప్యాడ్ తప్పి తడి పైపు మీద అడుగు పడితే జారిపోతారు. పెద్దవాళ్లు ఎక్కే బండికి నేను దీన్ని వద్దంటాను. రెండోది వెడల్పాటి అల్యూమినియం బోర్డు, పైన రబ్బరు చారలు. అమ్మా నాన్నలకి ఇదే మేలు, పాదంలో సగం పైగా దాని మీద ఆనుతుంది. మూడోది చిల్లులు కొట్టిన రేకు, చిల్లుల అంచులు పళ్లలా పైకి లేచి ఉంటాయి. మన డెల్టా నల్లమట్టి సంగతి తెలిసిందేగా, ఒకసారి అంటుకుంటే చెప్పుని వదలదు. ఈ మూడో రకంలో ఆ బురద చిల్లుల్లోంచి కిందికి రాలిపోతుంది. బోర్డు మీదైతే పేరుకుపోతుంది, బోర్డుకీ బాడీకీ మధ్య సందులో ఎండి గట్టిపడుతుంది, ఒక్కోసారి డోరు తెరిస్తే అడుగంచు దానికి రాసుకుంటుంది.

మరి మూడో రకమే కొనేద్దామా అంటే, ఒట్టికాళ్ల వాళ్లు ఉన్నారు. ఆ పళ్లు పాదాలకి గుచ్చుకుంటాయి. ఎండాకాలం మధ్యాహ్నం నల్ల రంగు రేకు మీద ఒట్టికాలు పెట్టి చూడండి, పెనం మీద పెట్టినట్టే ఉంటుంది. చివరికి నేను ఒప్పుకున్న రకం ఇది: వెడల్పాటి బోర్డు, కానీ మధ్యలో పొడవాటి చీలికలున్నది, అడుగు పడే రెండు చోట్లా మందపాటి రబ్బరు. బురద పోవడానికి దారి ఉంది, కాలికి మెత్తగా ఉంది. బోర్డు లోపలి అంచుకీ బాడీకీ మధ్య వేలు దూరేంత సందు ఉంచమని అడగండి. బురద జారిపోతుంది, పైపు పెట్టి కడగడానికీ వీలవుతుంది.

వెడల్పు కూడా ఊరికే పెంచకండి. స్టెప్పు బయటికి పొడుచుకొచ్చిన కొద్దీ, దిగేటప్పుడు దాని అంచు పిక్కకి రాసుకుని పంచె అంచో ప్యాంటో బురదవుతుంది. పొడుగు మనుషులకి ఈ చిరాకు ఎక్కువ, వాళ్లు స్టెప్పు వాడకుండా నేరుగా నేల మీదికి దిగుతారు కాబట్టి. టైరు అంచు దాటి బయటికి రాకుండా ఉంటే చాలు. టైర్ల వెనక మడ్ ఫ్లాప్‌లు లేకపోతే ముందు అవి వేయించండి. అవి లేని బండికి ఏ స్టెప్పు పెట్టినా ముందు టైరు చిమ్మే బురదంతా దాని మీదే.

మా ఊళ్లలో అసలు శత్రువు ఉప్పు. రొయ్యల చెరువు నీళ్లు, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల తుంపర్లు, రొయ్యలు పట్టే రోజు క్రేట్ల నుంచి కారే నీళ్లు అన్నీ బండి మీదే. పౌడర్ కోటింగ్ వేసిన మామూలు ఇనుప స్టెప్పు, రాయి తగిలి చిన్న పెచ్చు లేచిందంటే చాలు, అక్కడి నుంచి లోపలికి తినేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు అని చెబితే ఏ గ్రేడో అడగండి. 304 అయితే మన నీళ్లని చాలావరకు తట్టుకుంటుంది. 202 చవక, తుప్పు చుక్కలు త్వరగా వస్తాయి. అమ్మేవాళ్లు అయస్కాంతం పెట్టి "చూడండి, అంటుకోలేదు, ఒరిజినల్ సార్" అంటారు. ఆ పరీక్షకి అర్థం లేదు. 202 కూడా మామూలుగా అయస్కాంతానికి అంటుకోదు. పాత సామాన్ల వ్యాపారుల దగ్గర చిన్న సీసాలో ఒక మందు ఉంటుంది. రేకు మీద ఒక చుక్క వేసి చిన్న బ్యాటరీ తగిలిస్తే, 202 మీద ఎర్రటి రంగు తిరుగుతుంది, 304 మీద తిరగదు. విజయవాడ ఆటోనగర్‌లో చేయించుకునేవాళ్లు ముక్క కొయ్యక ముందే ఇది చూపించమని అడగాలి. అల్యూమినియానికి తుప్పు రాదు గానీ, ఇనుప బోల్టు తగిలిన చోట ఉప్పునీళ్లు పడితే తెల్లటి పొడి కట్టి మెల్లగా తినుకుపోతుంది. మధ్యలో నైలాన్ వాషర్లు వేయమనండి. పైపు రకం అయితే చివరలు మూసేసి ఉంటాయి, లోపల చేరిన నీళ్లు పోవడానికి అడుగున చిన్న రంధ్రం ఉందో లేదో వంగి చూడండి.

బిగింపు దగ్గర మొహమాటం పనికిరాదు. ఇవి ఛాసిస్ ఫ్రేమ్ మీద బాడీ కూర్చున్న బండ్లు. కంపెనీ ఇచ్చిన బోల్టు రంధ్రాలకే బ్రాకెట్లు సరిపోవాలి. "సార్, రెండు చుక్కలు వెల్డింగ్ కొడితే కదలదు" అంటే అక్కడి నుంచి బండి తీసుకొచ్చేయండి. ఫ్రేమ్‌కి వేడి తగిలితే ఆ చోట ఉక్కు బలం తగ్గుతుంది, పెయింటు కాలి తుప్పుకి దారి దొరుకుతుంది, బ్యాటరీ తియ్యకుండా వెల్డింగ్ చేస్తే ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి కూడా ప్రమాదమే. నాలుగు డోర్ల బండికి పక్కకి మూడు బ్రాకెట్లు ఉండాలి, రెండుంటే మధ్యలో ఊగుతుంది. బిగించాక వెనక డోరు దగ్గర చివరంచు మీద మీరే నిలబడి చూడండి. పెద్దవాళ్లు ఎక్కేది ఆ డోరే. పైగా వెనక చక్రం గూడు వల్ల అక్కడ కాలు పెట్టే చోటు ముందుకి జరిగి ఉంటుంది, రబ్బరు సరిగ్గా అక్కడే ఉందా అన్నది చూడాలి. జాకీ పెట్టే చోటికి స్టెప్పు అడ్డం వస్తోందేమో కూడా షాపులో ఉండగానే జాకీ తీసి చూసుకోండి.

స్టెప్పులు కొంటే బంపరు ముందు బిగించే ఇనుప గార్డు ఫ్రీ అనే ఆఫర్లు వస్తాయి. వద్దనండి. బుల్ బార్లు, క్రాష్ గార్డులు చట్టవిరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. మోటారుతో లోపలికి ముడుచుకునే పవర్ స్టెప్పులు కూడా ఉన్నాయి, పట్నంలో బాగానే ఉంటాయేమో, నల్లమట్టిలో ఆ కీళ్లు ఎన్నాళ్లు తిరుగుతాయో నాకు నమ్మకం లేదు.

పట్టుకునే హ్యాండిల్ లేకపోతే ఎంత మంచి స్టెప్పయినా పెద్దవాళ్లకి సగమే ఉపయోగం. వెనక డోరు పైన హ్యాండిల్ ఉందో లేదో చూడండి, లేకపోతే అదే కంపెనీది వేయించుకోండి. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకి ఒక మాట చెప్పండి: ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. మా నాన్నగారు ఇప్పుడు హ్యాండిల్ పట్టుకుని, స్టెప్పు మీద నిలబడి, వెనక్కి తిరిగి సీటు మీద కూర్చుని, ఆ తర్వాత కాళ్లు లోపలికి తీసుకుంటారు. పంచె కాలికి చుట్టుకోదు.

కుర్రాళ్లు స్టెప్పు మీద నిలబడి గట్టు పొడుగునా వేలాడుతూ వస్తామంటారు. మొదటిరోజే వద్దని చెప్పండి, గట్టు అంచు జారితే బండి ఒరిగేది వాళ్ల మీదికే. బిగించిన రెండు మూడు వారాలకి, మన రోడ్ల కుదుపుకి బోల్టులు కొంచెం వదులవుతాయి. షాపు వాడి చేతే ఒకసారి బిగుతు చూపించుకోండి. ఆ పని ఉచితంగా చేస్తానని కొనేటప్పుడే బిల్లు మీద రాయించుకుంటే మంచిది.