ఆఫీసులో ఎవరో మీకు ఎర్త్ పెడుతున్నారా? ముందు ఈ పని చెయ్యండి

మొహం మీద బ్రో బ్రో అంటూనే వెనకాల మేనేజర్ దగ్గర పుల్లలు పెడుతున్నాడని డౌట్ వచ్చిందా, గొడవకి మాత్రం వెళ్ళకండి, ఎవడు ముందు అరిస్తే వాడికే యాటిట్యూడ్ ప్రాబ్లం అని ముద్ర వేస్తారు.

నా సంగతి చెప్తా. గచ్చిబౌలిలో ఒక కంపెనీ, పేరెందుకులెండి. రాత్రి రెండింటిదాకా కూర్చుని ప్రొడక్షన్ బగ్ ఫిక్స్ చేస్తే పొద్దున క్లయింట్ కాల్‌లో మా లీడ్ "నేను చూసేశా" అన్నాడు. నెల తర్వాత అదే మాడ్యూల్ పడిపోయినప్పుడు మాత్రం నా పేరు బయటికొచ్చింది. గిట్ బ్లేమ్ (కోడ్‌లో ఏ లైన్ ఎవరు మార్చారో చూపించే కమాండ్) తీసి చూపిద్దామంటే ఆ లైన్ల మీద నా పేరే ఉంది, నేను చేసిందల్లా అక్కడ స్పేసులు సర్దడం, కానీ అది ఆఖర్న ముట్టుకున్నవాడి పేరే చూపిస్తుంది కదా. కమాండ్‌కి మైనస్ డబ్ల్యూ తగిలిస్తే స్పేసుల మార్పులు వదిలేసి అసలు రాసినవాడి పేరు చూపిస్తుంది. ఈ ముక్క నాకు ఆరోజు తెలీదు.

అసలు పక్కవాడు ఇలా ఎందుకు చేస్తాడంటే చాలాచోట్ల బెల్ కర్వ్ వల్లే. టీమంతా బాగా చేసినా ఎవడో ఒకడికి తక్కువ రేటింగ్ ఇచ్చి తీరాలంటే ఇంక వాడు మునిగితేనే మనం తేలతాం అన్నట్టు తయారవుతారు. మైక్రోసాఫ్ట్‌లో ఇలాంటి స్టాక్ ర్యాంకింగే ఉండేది, 2013లో తీసేశారు.

సరే, చెయ్యాల్సింది ఏంటంటే రాతలో పెట్టడం. మేనేజర్ కాల్‌లో నోటిమాటగా "టెస్టింగ్ తర్వాత చూద్దాం, శుక్రవారం రిలీజ్ చేసెయ్" అన్నాడనుకోండి, పది నిమిషాల్లో "ఇందాక అనుకున్నట్టు టెస్టింగ్ ఆపి రిలీజ్‌కి వెళ్తున్నా, ఏదైనా తేడా ఉంటే చెప్పండి" అని ఒక మెయిల్ కొట్టండి, మర్యాదగా, తప్పు పట్టినట్టు అనిపించకుండా. జవాబు రాకపోయినా పర్లేదు, మెయిల్ ఉంటుంది. దాంతోపాటు ఒక నోట్‌బుక్ పెట్టుకుని తేదీ, ఎవరేమన్నారు, పక్కన ఎవరున్నారు, అంతే రాయండి, మీ బాధ అందులో రాయొద్దు.

ఒక్క తప్పు మాత్రం చెయ్యకండి, ఆఫీస్ మెయిల్స్ సొంత జీమెయిల్‌కి ఫార్వర్డ్ చెయ్యడం. డేటా పాలసీ కింద తీసేయడానికి వాళ్ళకి మీరే దారి ఇచ్చినట్టు. మీ పేస్లిప్పులు, అప్రైజల్ లెటర్లు అయితే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, అవి మీవే.

పిప్‌లో, అంటే ఫలానా గడువులోగా పని మెరుగుపరుచుకోమనే ప్లాన్‌లో పెడితే "కమ్యూనికేషన్ ఇంప్రూవ్ చెయ్" లాంటి గాల్లో మాటలకి సరేననొద్దు, ఏ పని, ఏ తేదీకి, ఎవరు చూసి ఓకే అంటారో రాసివ్వమని అడగండి, ఆ రోజే రెజ్యూమె కూడా తీయండి. హెచ్‌వన్‌బీ మీద అమెరికాలో ఉన్నవాళ్ళు ఇంకా తొందరపడాలి, ఉద్యోగం పోతే గ్రేస్ పీరియడ్ ఎక్కువలో ఎక్కువ 60 రోజులే.

విషయం లైంగిక వేధింపైతే ఈ డైరీలు పూర్తయ్యేదాకా ఆగొద్దు. మన దేశంలో 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకంటే ఎక్కువ ఉన్న ఆఫీసులో ఇంటర్నల్ కమిటీ ఉండాలి, మామూలుగా మూడు నెలల్లోపు రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వాలి.

నేనైతే అప్రైజల్‌లో మేనేజర్ పైఆయన్ని అడిగి కూర్చుని నోట్‌బుక్‌లో తేదీలు చదివా. రేటింగ్ మారలేదు, టీమ్ మారింది. మా పాత లీడ్ ఇప్పటికీ లింక్డ్‌ఇన్‌లో నా ప్రతి పోస్టుకీ లైక్ కొడుతుంటాడు.