లిబ్రేఆఫీస్‌లో తెలుగు టైప్ చేసేవాళ్లు ముందు ఈ సెట్టింగ్ మార్చుకోండి

వర్డ్‌లాగా ఉత్తరాలూ పత్రాలూ టైప్ చేసుకునే లిబ్రేఆఫీస్ చూడ్డానికి పాతకాలం సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది, కాదనను. కానీ పైసా ఖర్చు లేదు, 2010లో ఓపెన్‌ఆఫీస్ అనే సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయిన దగ్గర్నుంచీ కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి, ఇంట్లో రాసుకునే అర్జీలకీ ఉత్తరాలకీ డబ్బులు పెట్టి ఇంకోటి కొనడం నా దృష్టిలో దండగ.

చాలామందికి విసుగొచ్చేది తెలుగు దగ్గరే. స్టైల్‌లో ఫాంటు మారిస్తే ఇంగ్లిష్ అక్షరాలు మారతాయి, తెలుగు మాత్రం ఉలకదు పలకదు. ఎందుకంటే తెలుగు, హిందీ, అరబిక్ లాంటి లిపులకు ఇది ఫాంటునీ సైజునీ విడిగా పెట్టుకుంటుంది. టూల్స్‌లో ఆప్షన్స్ తెరిచి, భాషల సెట్టింగుల్లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ (సీటీఎల్) దగ్గర టిక్ పెట్టి తెలుగు ఎంచుకోండి, అప్పుడు రైటర్ (లిబ్రేఆఫీస్‌లో పత్రాలు టైప్ చేసే భాగం) కింద బేసిక్ ఫాంట్స్ సీటీఎల్ అనే పేజీ కనిపిస్తుంది, అక్కడ తెలుగు ఫాంట్లయిన మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ, మీ సిస్టమ్‌లో ఏది ఉంటే అది, సైజుతో సహా పెట్టేయండి. ఇక కొత్త ఫైలు తెరిచిన ప్రతిసారీ ఈ తంటా ఉండదు.

మెనూలు నచ్చకపోతే వ్యూ, యూజర్ ఇంటర్‌ఫేస్‌లో ట్యాబ్డ్ పెట్టుకోండి, వర్డ్ అలవాటున్నవాళ్లకు హాయి.

ఒక్కటి మాత్రం నిజం, టేబుళ్లు ఎక్కువున్న వర్డ్ ఫైళ్లు ఇందులో ఒక్కోసారి చెదిరిపోతాయి. అందుకే నేను పంపేటప్పుడు పీడీఎఫే పంపుతాను, ఎక్స్‌పోర్ట్‌లో హైబ్రిడ్ పీడీఎఫ్ (అసలు ఫైలు కూడా లోపలే ఉండే పీడీఎఫ్) టిక్ చేసి. ఫైలు కాస్త బరువెక్కుతుంది గానీ, దాన్నే మళ్లీ లిబ్రేఆఫీస్‌లో తెరిచి దిద్దుకోవచ్చు.