బిషప్పు జీవితచరిత్ర రాసే పద్ధతి: అజరయ్యగారి ఉదాహరణతో

ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి సంప్రదాయపు క్రైస్తవ సంఘం) బిషప్పు చరిత్ర రాయాలనుకునేవాళ్లు ఎక్కువగా పుట్టిన ఊరి దగ్గర మొదలుపెడతారు. అంతకంటే ముందు పదవుల పట్టిక వేసుకోండి. ఆ సంఘంలో కాగితాలు ఎక్కువగా పదవిని బట్టే భద్రమయ్యాయి. ఆయన ఏ ఏడాది ఏ హోదాలో ఉన్నారో తెలియకపోతే ఏ బీరువా తెరవాలో కూడా తెలియదు.

పట్టికలో ఐదు గడులు చాలు: డీకన్‌గా (తొలి మెట్టు పాదిరీగా) ఆర్డినేషన్, ప్రీస్ట్‌గా (పూర్తి పాదిరీగా) ఆర్డినేషన్, బిషప్పుగా కాన్సెక్రేషన్ (ఆ హోదా ఇచ్చే ఆరాధన), పీఠం ఎక్కిన (తన ప్రాంతపు బాధ్యత చేపట్టిన) రోజు, పదవి ముగిసిన రోజు. ఒక్కోదానికి తేదీ, చర్చి (గుడి) పేరు, తల మీద చేతులుంచిన బిషప్పు పేరు రాయండి. కాన్సెక్రేషన్‌కు కనీసం ముగ్గురు బిషప్పులు చేతులుంచాలన్నది నియమం కాబట్టి అక్కడ ఒక్క పేరుతో సరిపెట్టకూడదు. ఆర్డినేషన్‌ను, కాన్సెక్రేషన్‌ను రెంటినీ తెలుగులో ‘అభిషేకం’ అనేస్తే తేదీలు తారుమారవుతాయి. ఏ అభిషేకమో ప్రతిసారీ విడమరచి చెప్పండి.

తెలంగాణలోని డోర్నకల్ బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారి పట్టిక చూడండి. పుట్టుక 1874 ఆగస్టు 17న, తమిళనాడు తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్ళాళన్‌విళైలో. ఆర్డినేషన్ 1909లో. కాన్సెక్రేషన్ 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కతీడ్రల్‌లో (బిషప్పు పీఠమున్న చర్చిలో). మరణం 1945 జనవరి 1న, పదవిలో ఉండగానే.

ఇప్పుడు గడుల మధ్య ఖాళీలు చూడండి, చరిత్ర దాగి ఉండేది అక్కడే. ఆర్డినేషన్ నాటికి ఆయనకు దాదాపు 35 ఏళ్లు. ఆ తర్వాత మూడేళ్లకే బిషప్పు. ఇంత ఆలస్యం ఎందుకు, ఆ వెంటనే ఇంత వేగం ఎందుకు అన్న ప్రశ్న పట్టికే వేస్తుంది. 1895 నుంచి 1909 దాకా ఆయన వై.ఎం.సి.ఎ. కార్యదర్శి. 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905లో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టడంలో ముందున్నారు. అంటే ఆ పద్నాలుగేళ్ల కాగితాలు డయాసిస్ (బిషప్పు అధికార ప్రాంతం) ఆఫీసులో దొరకవు, ఈ సంస్థల నివేదికల్లో వెతకాలి. 1910 ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో తెల్ల మిషనరీల ముఖం మీదే ‘మాకు స్నేహితులను ఇవ్వండి’ అని అడిగిన మనిషి అప్పటికి బిషప్పు కాదన్న సంగతీ పట్టిక వల్లే గుర్తుంటుంది. ఆ మాట బరువు తెలియాలంటే ఈ వరస తప్పకూడదు.

ఉత్తరాల దగ్గర ఒక చిక్కు ఉంది. ఆంగ్లికన్ బిషప్పులు ఇంటిపేరు వదిలి, సొంత పేరు పక్కన పీఠం పేరుతో సంతకం పెడతారు, ముందు చిన్న సిలువ గుర్తు కూడా ఉండవచ్చు. కొన్ని పాత పీఠాలకు లాటిన్ పొట్టి రూపం వాడతారు. ఇంగ్లండులో విలియం టెంపుల్ యార్క్ ఆర్చిబిషప్పుగా ఉన్న 1929–42 మధ్య ‘విలియం ఎబోర్’. కాంటర్‌బరీకి మారాక ‘విలియం కాంటువార్’. మనిషి ఒక్కడే, సంతకాలు రెండు. ఇంటిపేరుతో మాత్రమే వెతికితే ఉత్తరాలు జారిపోతాయి. తేదీ లేని ఉత్తరానికి మాత్రం ఈ సంతకమే కాలం చెబుతుంది.

ఫొటోలకూ ఇలాంటి గుర్తులున్నాయి. స్టోల్ (పొడవాటి గుడ్డ పట్టీ) ఎడమ భుజం మీంచి ఏటవాలుగా ఉంటే డీకన్. మెడ చుట్టూ వేసుకుంటే ప్రీస్ట్. చేతులు ఉబ్బుగా ఉన్న తెల్లటి రాషెట్ అనే అంగీ, దాని మీద చేతులు లేని నల్లటి లేదా ఎర్రటి షిమీర్ అనే పై అంగీ, ఛాతీ మీద సిలువ కనిపిస్తే బిషప్పు. ఫొటో కింద ఎవరో తర్వాత రాసిన పేరు కంటే ఈ బట్టలనే నమ్మండి.

మిషన్ కాగితాలు: చర్చ్ మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.)వి బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో, సొసైటీ ఫర్ ది ప్రొపగేషన్ ఆఫ్ ది గాస్పెల్ (ఎస్.పి.జి.)వి ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీలో ఉన్నాయి. పాదిరీల పదవుల వరసకు 1858లో మొదలైన క్రాక్‌ఫర్డ్ డైరెక్టరీ చూడాలి.

రాసేటప్పుడు మూడు తప్పులు పదేపదే దొర్లుతాయి. అజరయ్యగారు ‘మొదటి భారతీయ బిషప్పు’ కారు, మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు. కేరళ సిరియన్ సంఘాలకు అంతకు ఎంతో ముందే మన దేశపు బిషప్పులున్నారు. ఆయన సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) బిషప్పూ కారు. సంఘాల ఐక్యత కోసం జీవితమంతా పాటుపడ్డారు గానీ, సి.ఎస్.ఐ. ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న, అప్పటికి ఆయన పోయి రెండేళ్లు దాటింది. ఇక పేరు ముందు రాసే ‘డాక్టర్’ చదివి సంపాదించింది కాదు: మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివినా డిగ్రీ చేతికి రాలేదు. కేంబ్రిడ్జి 1920లో ఇచ్చింది గౌరవ పట్టా.

చివరి పని ఊళ్లలో. డోర్నకల్ ఎపిఫనీ కతీడ్రల్ ప్రతిష్ఠ 1939 జనవరి 6న జరిగింది. గుమ్మటాల్లో, స్తంభాల్లో మసీదు, హిందూ దేవాలయం పోలికలను కలిపి కట్టించిన తీరు కాగితం మీద అర్థం కాదు, వెళ్లి చూడాలి. ఆయన చేత బాప్తిస్మమో కన్ఫర్మేషనో (విశ్వాసాన్ని స్థిరపరిచే ఆచారం) పొందిన కుటుంబాల జ్ఞాపకాలు విన్నప్పుడు, ఆ ఊరి గుడి రిజిస్టరుతో సరిచూడండి. బాప్తిస్మంలో పేరు మారి ఉండవచ్చు కాబట్టి పాత పేరు, కొత్త పేరు, తండ్రి పేరు, ఊరు నాలుగూ రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు, అక్షరదోషాలతో సహా దించుకోండి. దిద్దుబాటు పక్క గడిలో వేరుగా రాయండి.