పై గదికి వైఫై అందక పాత రూటర్‌నే యాక్సెస్ పాయింట్ చేశా

మాది డాబా ఇల్లు, ఫైబర్ రూటర్ కింద హాల్లో ఉంటుంది. పై గదిలో వీడియో కాల్ పెడితే అవతలివాళ్ల మాట ముక్కలు ముక్కలుగా వినిపించేది. మధ్యలో ఉన్నది ఇనుప చువ్వలు, కాంక్రీటు శ్లాబు. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ దాన్ని దాటడం చాలా కష్టం, 2.4 కాస్త నయం. చాలామంది రిపీటర్ కొనమన్నారు కానీ మామూలు రిపీటర్ అందుకున్నదాన్నే మళ్లీ గాల్లోకి పంపాలి కాబట్టి స్పీడు దాదాపు సగమైపోతుంది, నాకది నచ్చలేదు.

మెట్ల పక్కగా క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ పైకి లాగించి, మూలన పడున్న పాత రూటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే కేబుల్‌లో వచ్చే నెట్‌ని వైఫైగా పంచేదిగా, వాడదామని బయటికి తీశా. కేబుల్ పెట్టకముందే దాని అడ్రస్ 192.168.1.2కి మార్చి (కింది రూటర్‌ది 192.168.1.1, అది పంచే అడ్రసుల్లో 2 లేకుండా చూసుకున్నా), డీహెచ్‌సీపీ (ఫోన్లకి, కంప్యూటర్లకి అడ్రసులు పంచే పని) ఆఫ్ చేశా, ఇది మాత్రం మర్చిపోవద్దు, రెండూ అడ్రసులు పంచితే నెట్ అంతా గందరగోళమే. కేబుల్‌ని పాత రూటర్ వ్యాన్ పోర్టులో (బయటి నెట్ కోసం ఉండేది) కాకుండా ల్యాన్ పోర్టులో (ఇంట్లో పరికరాల కోసం ఉండేది) గుచ్చాలి. రెండు రూటర్లకీ వైఫై పేరు ఒకటే, పాస్‌వర్డ్ కూడా ఒకటే పెట్టా; 2.4లో ఒకదానికొకటి అడ్డు రాకుండా ఛానెల్ కింద 1, పైన 11.

ఇప్పుడు పై గదిలో కాల్స్ హాయిగా నడుస్తున్నాయి. పైకి వెళ్లినా ఫోన్ కింది సిగ్నల్‌నే పట్టుకుని వేలాడుతుంటే కింది రూటర్‌లో 2.4 ట్రాన్స్‌మిట్ పవర్ మీడియంకి తగ్గించండి, నాకు అలాగే సర్దుకుంది.