మా క్యాంపర్‌లో ఏజీఎం బ్యాటరీ ఎందుకు ఉబ్బింది?

ఆరిజోనాలో జూన్ ఎండలో క్యాంపర్ వ్యాన్ నిలిపి ఉంచాం. మంచం కింద పెట్టె తెరిస్తే రెండు 100 ఆంపియర్-అవర్ ఏజీఎం (యాసిడ్‌ను గాజు పీచు పొరల్లో పట్టి ఉంచే లెడ్-యాసిడ్ రకం) బ్యాటరీల్లో ఒకటి పక్కలు ఉబ్బి, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. వెంటనే ఛార్జరు ఆపి, తలుపులన్నీ తెరిచాను. పిల్లలు పడుకునేది ఆ మంచం మీదే. ఆ భయం ఇంకా పోలేదు.

కారణం ఛార్జరు అమరికలోనే దొరికింది. నీళ్లు పోసే బ్యాటరీల రకానికి పెట్టి ఉంది. కావాలనే వోల్టేజీని 15 వోల్టులు దాటించి బ్యాటరీ సెల్స్‌ను సమం చేసే ఈక్వలైజేషన్ కూడా నడుస్తోంది. ఏజీఎం మూసి ఉన్న బ్యాటరీ. ఎక్కువ వోల్టేజీకి లోపలి నీరు వాయువై వాల్వు గుండా పోతే మళ్లీ పోసే దారి లేదు.

రెండింటినీ మార్చేశాను, పాతదానికి కొత్తది జత చేస్తే కొత్తదీ త్వరగా పాడవుతుంది. ఇప్పుడు ఛార్జరు 14.4 వోల్టుల దాకా వెళ్లి, నిండాక 13.6కు దిగుతుంది. మీ బ్యాటరీ మీద వేరే అంకెలు ముద్రించి ఉంటే వాటినే పెట్టండి. ఈక్వలైజేషన్ పూర్తిగా ఆపేశాను.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం ఉష్ణోగ్రత సెన్సరు. దాన్ని గోడకు కాదు, బ్యాటరీకే అంటించాను. బ్యాటరీ వేడి 25 డిగ్రీల సెల్సియస్ దాటాక ఛార్జరు ఒక్కో డిగ్రీకి వోల్టేజీని సుమారు 0.02 వోల్టు తగ్గిస్తుంది. పాజిటివ్ టెర్మినల్ పక్కనే ఫ్యూజు కూడా పెట్టాను. బ్యాటరీ మరీ ఖాళీ కాకుండా, రాత్రి 12.2 వోల్టులకు దిగేలోపే ఫ్రిజ్ ఆపేస్తున్నాం.