స్లీప్ స్కోర్ టెన్షన్ నాకు ఎలా తగ్గిందంటే

లేవగానే స్మార్ట్ వాచీ నిద్ర స్కోరు (ఎంత బాగా నిద్రపోయామో అది వేసే మార్కు) తక్కువ అని చూపిస్తే చాలు, బాగానే పడుకున్నా ఒళ్ళు బరువనిపించేది. రాత్రయితే ఈసారి ఎంత వస్తుందోనన్న టెన్షన్, దాంతో అసలు నిద్రే పట్టేది కాదు. యాప్ మార్చడం, వాచీ పట్టీ బిగించడం, ఇంకా ముందే పడుకోవడం, ఏదీ పని చేయలేదు.

చివరికి పని చేసింది ఇది. ముందు ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ నోటిఫికేషన్లు మొత్తం ఆపాను. తర్వాత వాచీ మీద, ఫోన్ హోమ్ స్క్రీన్ మీద ఉన్న స్కోరు విడ్జెట్ తీసేశాను. ఇది వదిలేస్తే మొదటి పని వల్ల ఉపయోగం లేదు, కన్ను అటే పోతుంది. రికార్డింగ్ మాత్రం ఆపలేదు. ఆ తర్వాతదే అసలు సంగతి: ఫోన్ ముట్టుకోకముందే, నిద్ర ఎలా పట్టిందో నోట్‌బుక్‌లో ఒక్క మాట రాయడం. యాప్‌ని ఆదివారం మాత్రమే తెరిచి వారం గ్రాఫ్ చూస్తాను, ఏ రోజుదీ విడిగా చూడను. నేను రాసుకున్నదానికీ స్కోరుకీ చాలా రోజులు పొంతనే లేదని అప్పుడు తెలిసింది.

చేతి వాచీ మెదడు తరంగాలను కొలవదు. కదలికలు, గుండె వేగం చూసి నిద్ర దశలను అంచనా వేస్తుంది, అంతే. మెదడు తరంగాలను కూడా కొలుస్తూ ల్యాబ్‌లో చేసే నిద్ర పరీక్ష, పాలీసోమ్నోగ్రఫీ, వేరు. మంచి స్కోరు కోసం పడే ఈ ఆరాటానికి 2017లో పరిశోధకులు ఆర్థోసోమ్నియా అని పేరు కూడా పెట్టారు.

ఇది అందరికీ కుదురుతుందని చెప్పలేను, నాకు నిద్ర జబ్బేమీ లేదు. గట్టి గురక, నిద్రలో ఊపిరి ఆగడం, పగలంతా మత్తు ఉంటే మాత్రం స్కోరు ఎంత బాగున్నా డాక్టర్‌ని కలవండి.