హజార్డ్ స్విచ్ చూడకుండా ఫ్లాషర్ కొనకండి

రథసప్తమికి అరసవల్లి బయల్దేరాం, మా నాన్నగారు వదిలివెళ్లిన ప్రీమియర్ పద్మినిలో. విజయనగరంలో తెల్లారగట్ల మూడింటికి ఎక్కితే రణస్థలం దాటాక వెనక టైరు పంచరు. అంతా మంచు. బండి పక్కకి తీసి హజార్డ్ (నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి కొట్టుకునే స్విచ్) నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. మా ఆవిడ టార్చికి ఎర్ర తువ్వాలు చుట్టి లారీల వైపు ఊపుతూ నిలబడితే నేను స్టెప్నీ మార్చాను. తీరా బయల్దేరాక చూస్తే, అంతవరకూ బాగానే పలికిన ఇండికేటర్లు కూడా మూగబోయాయి.

ఊరొచ్చాక ఆటో ఎలక్ట్రీషియనైన నా పాత శిష్యుడు చూసి "ఫ్లాషర్ పోనాదండి మేస్టారూ" అన్నాడు. ఇండికేటర్లని టిక్కు టిక్కుమని కొట్టుకునేలా చేసే చిన్న డబ్బా అది. మార్చాడు, పలకలేదు. "ఈ సరుకు బాగోలేదండి" అని ఇంకోటి వేశాడు. అదీ అంతే. ఏళ్ల తరబడి పిల్లలకి కరెంటు పాఠం చెప్పినవాణ్ణి, రెండు ఫ్లాషర్ల డబ్బు పోశాక గానీ నాకు బుద్ధి రాలేదు. ఆ ఆదివారం టెస్ట్ లాంపు, మల్టీమీటరు, రెండు మీటర్ల వైరు, ఉప్పు కాగితం పట్టుకుని నేనే కూర్చున్నాను.

మొదట పనిముట్లు కింద పెట్టి కారు చుట్టూ ప్రదక్షిణ చెయ్యండి. తాళం తిప్పి ఎడమ ఇండికేటర్, కుడి ఇండికేటర్, తర్వాత తాళం తీసేసి హజార్డ్. ఏ దీపం వెలిగింది, ఏది వెలగలేదు, ఏది గబగబా కొట్టుకుంటోంది, కాగితం మీద రాసుకోండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఎందుకంటే రెండింటికీ బల్బులు అవే, ఎర్తులు (కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగెళ్లే చోట్లు) అవే. తేడా కరెంటు వచ్చే దారిలోనే: ఇండికేటర్‌కి తాళం మీదుగా, హజార్డ్‌కి తిన్నగా బ్యాటరీ నుంచి. హజార్డ్ బాగా పలికి ఇండికేటర్లు రెండు వైపులా పలకకపోతే బల్బుల జోలికి పోకండి. తాళం వైపు ఫ్యూజు, స్విచ్‌లు చూడండి. ఒక వైపే తేడా ఉంటే ఆ వైపు బల్బులు, ఎర్తు, లేదా స్టీరింగ్ కింది ఇండికేటర్ కాడ.

రెండూ చచ్చిపోతే అందరి వేలూ ఫ్లాషర్ మీదికే పోతుంది. నా అనుభవంలో ముందు అనుమానించాల్సింది హజార్డ్ స్విచ్‌ని. మా బండికి హజార్డ్ తర్వాత పెట్టించిందే. చాలా కార్లలో ఉన్నట్టే ఇందులోనూ ఇండికేటర్ కరెంటు హజార్డ్ స్విచ్ గుండానే ఫ్లాషర్‌కి వెళ్తుంది. ఏళ్ల తరబడి ఎవరూ నొక్కకపోతే లోపలి రాగి చిలుము పడుతుంది. వాడని హజార్డ్ వైపు పలకదు. ఒకసారి నొక్కి వదిలితే, అంతదాకా అంటుకుని ఉన్న ఇండికేటర్ వైపు కూడా జరిగి చిలుము మీద కూర్చుంటుంది. రణస్థలం దగ్గర జరిగింది అదే. ఆ స్విచ్‌ని ముప్పైసార్లు టకటకా నొక్కాను. పాతికోసారి కాబోలు, డాష్‌బోర్డు కింద టిక్కు మంది! తర్వాత బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, స్విచ్ బయటికి తీసి కాంటాక్ట్ క్లీనర్ కొట్టాను. వైర్లు పీకేముందు ఫోనులో ఫోటో తీసుకోండి, తర్వాత నన్ను తిట్టుకోరు.

స్విచ్ కాదని తేలితే ఫ్లాషర్‌ని నేరుగా పరీక్షించొచ్చు. దాని మీద బి (బ్యాటరీ వైపు), ఎల్ (దీపాల వైపు) అని ఉంటాయి. కొన్నింటికి 49, 49ఎ. మూడో కాలు ఉంటే అది డాష్‌బోర్డు దీపానిదో, ఎర్తుదో అయ్యుంటుంది, దాన్ని ముట్టుకోవద్దు. ఫ్లాషర్ తీసేసి, ఆ రెండు వైర్లనీ చిన్న వైరుతో కలిపి ఇండికేటర్ వెయ్యండి. ఆ వైరు బాడీకి తగిలిందో, ఫ్యూజు పోతుంది. దీపాలు కొట్టుకోకుండా నిలకడగా వెలిగితే తప్పు ఫ్లాషర్‌దే, హాయిగా కొత్తది కొనుక్కోండి. వెలగకపోతే బి వైరుకి 12 వోల్టులు వస్తున్నాయా చూడండి. రాకపోతే వెనక్కి, ఫ్యూజు దాకా వెళ్లండి. పాత బండ్లలో ఫ్యూజు తెగకపోయినా, దాన్ని పట్టుకునే రేకు నల్లబడి కరెంటు ఇవ్వదు. ఉప్పు కాగితంతో రుద్దితే సరి. సిగరెట్ రేకు చుట్టే ఘనులున్నారు, వాళ్ల బండి పక్కన పార్కు చెయ్యకండి.

ఇక ఎర్తు. సముద్రం ఇంత దగ్గరున్న మన జిల్లాల్లో ఉప్పుగాలి ముందు తినేది దీన్నే. గుర్తుపట్టడం తేలిక: ఇండికేటర్ వేస్తే ఆ వైపు పార్కింగ్ దీపం కూడా మినుకు మినుకుమంటుంది. తిన్నగా బాడీకి చేరలేని కరెంటు పక్క బల్బులోంచి దారి వెతుక్కుంటోందన్నమాట. బ్యాటరీ నెగటివ్ నుంచి వైరు తెచ్చి బల్బు హోల్డర్ ఒంటికి ఆనించండి. దీపం ఒక్కసారి తేటపడితే దొంగ దొరికినట్టే. మీటరుంటే 20 వోల్టుల డీసీలో పెట్టి, దీపం వెలిగినప్పుడు హోల్డర్ ఒంటికీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య కొలవండి. అర వోల్టు దాటితే ఎర్తు బాగోలేదు. మా వెనక ఎడమ దీపం దగ్గర దాదాపు రెండు వోల్టులు చూపించింది. బోల్టు విప్పి, రంగూ తుప్పూ గీకి, తెల్లటి ఇనుము కనపడ్డాక బిగించి పైన వాజలీన్ రాశాను.

బల్బుల గురించి పెద్దగా చెప్పేది లేదు. ఇండికేటర్‌కి 12 వోల్టుల 21 వాట్లవే ఉండాలి. ఎవరో 10 వాట్లది పెట్టిపోతే లయ తప్పుతుంది. పాత ఫ్లాషర్ లోపలి రేకు కరెంటుకి వేడెక్కితేనే టిక్కుమంటుంది కాబట్టి ఎల్‌ఈడీలు పెడితే దానికి వేడి చాలదు. ఎల్‌ఈడీలకి సరిపడే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ కావాలి.

ఇండికేటర్‌లో వైపుకి రెండు బల్బులు, 42 వాట్లు, మూడున్నర ఆంపియర్లు. హజార్డ్‌లో నాలుగూ కలిసి 84 వాట్లు, ఏడు ఆంపియర్లు. రెండు బల్బుల ఫ్లాషర్ మీదే హజార్డ్ కూడా కలిపేస్తే అది ఆ భారం మొయ్యలేదు. కొనేటప్పుడు డబ్బా మీద వాట్లు చదవండి. మా శిష్యుడు వేసిన రెండూ 42 వాట్లవే. వాడి చేతే పెద్దది, హజార్డ్ కోసం విడిగా, పెట్టించాను.